పాత గోడకు తగిన గార

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టడంలోని కష్టమెంతటిదో ఆ సామెత చెప్పింది. కట్టిన ఇంటిని నిలుపుకోవడం అంతకన్న కష్టమని చెన్నపట్నంలో తాతల నాటి ఇళ్ళలో కాపురముంటున్న తెలుగు కుటుంబాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. జార్జిటౌను సందులలోను, షావుకారుపేటలోను, చింతాద్రిపేటలోను నాటు ఇటుకతో, సున్నంతో కట్టిన ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఈ పాఠశాల తొలి తరగతులు నడచిన పాత భవనం కూడ అటువంటి ఇల్లే. పాఠశాల పుట్టకముందే కట్టిన ఆ ఇంటి గోడలలో నేడు ఇటుకల నడుమ సందులు గుల్లబారినవి. వేలు పెట్టి రాస్తే పొడి రాలుతున్నది. జూబిలీ నిధి నుండి ఆ గోడలను బాగుచేయించాలని పూర్వ విద్యార్థుల సంఘం సంకల్పించింది. సంకల్పం మంచిది. అయితే ఏ గారతో బాగుచేయాలన్న ప్రశ్న తెగలేదు. సిమెంటుతో నింపి, పైన సిమెంటు పూత పూస్తే ఒక్క సెలవులలో పని ముగుస్తుందని కొందరి అభిప్రాయం. సున్నంతో కట్టిన గోడకు సున్నమే వేయాలని మరికొందరి అభిప్రాయం. ఇది ఖర్చుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఒకసారి తప్పు గార వేస్తే దానిని తీయడంలో ఇటుకలే పోతాయి. కనుక నిర్ణయానికి ముందు విషయమంతా సభ ముందుంచడమే ఈ ప్రసంగ ప్రయోజనం. పాత ఇళ్ళున్న తల్లిదండ్రులకు ఇది స్వంత ఇంటి విషయంగా కూడ ఉపకరించవచ్చును.

ముందుగా గార చేసే పని ఏమిటో చూడాలి. ఇటుకలను అంటించి ఉంచేది గార అని సామాన్యంగా అనుకుంటారు. అది సగం నిజం. గోడలో బరువును మోసేది ఇటుక. ఆ బరువు ఒక ఇటుక నుండి మరొక ఇటుకకు సమంగా పంచబడేందుకు నడుమ మెత్తగా పరచిన పరుపు వంటిది గార. నాటు ఇటుకలు ఒకదానివలె ఒకటి ఉండవు. ఒకటి వంకర, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ఆ హెచ్చుతగ్గులను సర్దేది గార. ఎండకు గోడ వ్యాకోచించి, రాత్రికి సంకోచించినపుడు ఆ కదలికను ఓర్చుకొనేది గార. వానకు గోడ పీల్చిన నీరు తిరిగి గాలిలోకి ఆవిరైపోయే బాట కూడ ప్రధానంగా గారయే. ఇటుకల నడుమ కనిపించే ఆ సందులను మేస్త్రీలు దరజులంటారు. పైకి కనిపించే మేర పాత గారను తీసి, కొత్త గారను నింపే పనిని పాయింటింగ్ అంటారు. దరజు ఎండకు, వానకు ముందుగా తానే అరిగి, ఇటుకను కాపాడుతుంది. అందుచేత నూరేళ్ళకో, అంతకు ముందో దరజులు అరగడం గోడకు వచ్చిన రోగం కాదు. ఆ గార తన ధర్మాన్ని నిర్వర్తించినదనడానికి గుర్తు. చొక్కా చిరిగితే కొత్త చొక్కా తొడగవచ్చును. ఒళ్ళు చిరిగితే అంత సులభం కాదు. గోడకు ఇటుక ఒళ్ళు, గార చొక్కా.

దీని నుండి పుట్టిన సూత్రం ఒక్కటే. పాత ఇటుక గోడకు వేసే గార ఇటుక కన్న మెత్తగా ఉండాలి, ఇటుక కన్న సులభంగా నీటి ఆవిరిని వదలాలి, మొదట వాడిన పాత గార కన్న గట్టిగా ఉండకూడదు. పాత కట్టడాల సంరక్షణలో అనుభవమున్న దేశాలన్నింటిలోను ఈ సూత్రమే చెపుతారు. గట్టిది మంచిదన్న సామాన్య భావన ఇక్కడ తలక్రిందులవుతుంది.

ఇక చరిత్ర. చెన్నపట్నపు సున్నానికి ఒకప్పుడు గొప్ప పేరుండేది. పులికాటు సరస్సులోను, సముద్రతీరంలోను దొరికే గుల్లలను కాల్చి చేసిన గుల్ల సున్నంతో గోడలకు పూసే గచ్చు పాలరాతివలె నిగనిగలాడుతుండేదని ఇక్కడికి వచ్చిన ఐరోపా యాత్రికులు ఆశ్చర్యపడి వ్రాసినారు. “మద్రాస్ చునం” అన్న మాట ఇంగ్లీషు వారి పుస్తకాలకెక్కినది. మిద్దెలకు దూలాలమీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించే పద్ధతికి మద్రాసు టెర్రేసు అన్న పేరే స్థిరపడినది. ఛిజం రూపకల్పనలో 1874, 1879 మధ్య కట్టిన సెనేట్ హౌసు, విజయనగరం ప్రభువు పూసపాటి ఆనందగజపతిరాజు 1883లో శంకుస్థాపన చేయగా తర్వాతి సంవత్సరాలలో లేచిన విక్టోరియా పబ్లిక్ హాలు, ఇవన్నీ ఇటుక, సున్నపు పనికి నిదర్శనాలు. తెలుగునాట 1591 నాటి చార్మినారు మీది లతల అలంకారాలు సున్నపు గచ్చు పనియే. 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర కట్టించిన నాటికి ఈ దేశంలో సిమెంటు కర్మాగారమన్నదే లేదు.

సిమెంటు తరువాత వచ్చినది. ఇంగ్లండులోని లీడ్సు నగరానికి చెందిన జోసెఫ్ ఆస్పిడిన్ అన్న తాపీ పనివాడు 1824లో పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందినాడు. ఈ దేశంలో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులోనే జరిగింది. అది నిలువలేదు. 1914లో పోర్‌బందరులో ఉత్పత్తి ఆరంభమై నిలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు గాని సామాన్యుల ఇళ్ళ వాడకంలోకి సిమెంటు రాలేదు. కనుక ఇరవైయవ శతాబ్దపు తొలి దశాబ్దాలకు ముందు కట్టిన ఇల్లు అంటే అది దాదాపు నిశ్చయంగా సున్నపు ఇల్లు. ఆ తర్వాత కూడ కొంతకాలం రెండూ కలిసి నడచినవి.

సున్నం కథ ఎనిమిది, తొమ్మిది తరగతుల రసాయన శాస్త్ర పాఠమే. సున్నపురాయి గాని, గుల్ల గాని కాల్షియం కార్బొనేట్. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. దానిమీద నీరు పోస్తే బుసబుస పొంగి, నీరు మరిగేటంత వేడి పుట్టి తడి సున్నమవుతుంది. ఈ తడి సున్నపు ముద్దను నీటి అడుగున నిలవ ఉంచితే చెడదు. నాళ్ళు గడచినకొద్దీ వెన్నవలె మెత్తబడి ఇంకా మంచిదవుతుంది. తాంబూలంలో తమలపాకుకు రాసే సున్నం ఈ పదార్థమే. ఇసుకతో కలిపి గోడలో పెట్టిన తర్వాత ఈ తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకొని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. రాయి సున్నమై, సున్నం రాయి అవుతుంది. ఈ మార్పు పైనుండి లోపలికి మెల్లగా, నెలల తరబడి జరుగుతుంది. తేమ బొత్తిగా లేకపోయినా ఆగిపోతుంది, గార నీటితో నిండి ఉన్నా గాలి చొరబడక ఆగిపోతుంది. సున్నపు పనిలోని ఓర్పు అంతా ఇక్కడ ఉన్నది. మరొక గుణం కూడ గమనింపదగినది. సన్నని చీలిక వచ్చినపుడు అందులోకి పోయిన వాననీరు కొద్దిపాటి సున్నాన్ని కరిగించి చీలిక అంచులలో తిరిగి పేరుస్తుంది. అందుచేత సున్నపు గార సన్నని చీలికలను తనంతట తాను పూడ్చుకొనగలదు. సిమెంటు గట్టిదే గాని, చీలిన తర్వాత ఈ ఓదార్పు దానికి చాల తక్కువ.

పాత గోడకు సిమెంటు చేసే కీడును ఇప్పుడు అర్థం చేసుకోవడం సులభం. పాత ఇళ్ళ పునాదులకు నేటివలె చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు కొంత గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సముద్రతీర నగరంలో ఆ నీటిలో ఉప్పు ఉంటుంది. సున్నపు దరజులున్నంత కాలం ఆ నీరు దరజుల ద్వారా ఆవిరై, ఉప్పు దరజులోనే పేరి, పాడయ్యేది దరజే అవుతుంది. దరజులను సిమెంటుతో మూసినపుడు నీటికి ఆ బాట మూసుకుపోయి, ఇటుక ముఖం గుండా బయటికి రాక తప్పదు. వచ్చిన నీరు ఆవిరి కాగా ఉప్పు ఇటుక చర్మం వెనుక స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒత్తిడికి ఇటుక ముఖం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. బట్టీలో బాగా కాలిన పైపొర రాలిన నాటు ఇటుకలో లోపలి మెత్తని భాగం బయటపడి, క్షయం ఇంకా త్వరపడుతుంది. కొన్నేళ్ళకు ఇటుకలు గుంతలు పడి, సిమెంటు గీతలు మాత్రం గడులవలె ముందుకు పొడుచుకొని నిలుస్తాయి. పాత వీధులలో ఈ దృశ్యాన్ని చూడని వారుండరు. కాని ఇటుక నాసిరకమని దానినే నిందించడం పరిపాటి. వెలుపల మొత్తం సిమెంటు పూత పూసినా ఫలితం వేరు కాదు. లోపల చిక్కిన చెమ్మ గది వైపు తిరిగి, సున్నం రాలి, దూలాల కొసలు చివుకుతాయి.

ఇక ఎంపిక. సున్నాలన్నీ ఒకటి కావు. భారతీయ ప్రమాణాల సంస్థ వారి 712వ ప్రమాణం కట్టడపు సున్నాలను ‘ఎ’ నుండి ‘ఎఫ్’ వరకు తరగతులుగా విభజించింది. ‘ఎ’ తరగతి నీటిలో కూడ బాగా గట్టిపడే సున్నం. ‘బి’ మధ్యస్థం. ‘సి’ శుద్ధమైన కొవ్వు సున్నం, అంటే గాలి తగిలితే మాత్రమే గట్టిపడేది. గుల్ల సున్నం సాధారణంగా ఈ కోవకు చెందినది. ‘ఇ’ తరగతి కంకర సున్నం. సున్నపురాయిలో సహజంగా బంకమన్ను కలిసి ఉన్నపుడు దానిని కాల్చగా వచ్చే సున్నం నీటిలోను గట్టిపడుతుందన్న సంగతిని ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టబూనిన ఆంగ్ల ఇంజనీరు జాన్ స్మీటన్ 1750ల చివర ప్రయోగపూర్వకంగా నిరూపించినాడు. కొవ్వు సున్నానికి ఆ గుణాన్ని కలిగించే ఉపాయం ఈ దేశపు మేస్త్రీలకు ఏనాటినుండో తెలుసు. అదే సుర్కీ, అనగా కాల్చిన ఇటుకను దంచి జల్లించిన పొడి. సుర్కీ సున్నంతో కలిసి, తేమలో కూడ గట్టిపడుతుంది. 1895లో పూర్తి అయిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం, సుర్కీలతో కట్టినదే.

ఈ వివరాలను గోడమీద ఇలా అన్వయించవచ్చును. వాన నేరుగా తగలని లోగోడలకు, వసారా గోడలకు కొవ్వు సున్నం, ఇసుక చాలును. ఈశాన్య ఋతుపవనపు వాన తగిలే వెలుపలి గోడలకు ఇసుకలో కొంత భాగం తగ్గించి సుర్కీ కలపాలి. పునాది దగ్గరి వరుసలు, నీటి గొట్టాల చుట్టుపట్లు, పిట్టగోడ పైభాగం వంటి ఎల్లపుడూ తడిసే చోట్ల సుర్కీ పాలు పెంచాలి, లేక నీటిలో గట్టిపడే సున్నం వాడాలి. విదేశీ పద్ధతి సున్నపు సంచుల మీద 2, 3.5, 5 అన్న అంకెలుంటాయి. అవి 28 రోజులకు ఆ సున్నం చూపవలసిన కనీస బలాన్ని మెగాపాస్కల్ కొలతలో తెలుపుతాయి. బజారులో దొరికే సిమెంటు సంచిమీద 43 అనో, 53 అనో ఉండే అంకె కూడ అటువంటి బలపు కొలతయే. పరీక్షా విధానాలు అచ్చంగా ఒకటి కాకపోయినా, 3.5కు, 53కు గల అంతరం ఏ విద్యార్థికైనా బోధపడుతుంది. మెత్తని నాటు ఇటుకకు 5 అంకె సున్నమే ఎక్కువ అయ్యే చోట్లుంటాయి. అటువంటప్పుడు సిమెంటు మాట ఏమి చెప్పాలి?

“సున్నంలో పిడికెడు సిమెంటు కలిపితే రెండింటి మేలూ కలుగుతుంది కదా” అన్న సందేహం తరచు వినవస్తుంది. పిడికెడు సిమెంటు గారను త్వరగా బిగుసుకొనేటట్లు చేస్తుంది. పనివారికి అది నచ్చుతుంది. కాని బిగిసిన ఆ కొద్ది సిమెంటు గారకు తగినంత బలమివ్వదు, సున్నం తన పని తాను నెమ్మదిగా చేసుకొనే వీలునూ చెడగొడుతుంది. సిమెంటులోని కరిగే లవణాలు అదనంగా గోడలో చేరుతాయి. తెల్ల సిమెంటు రంగుకు సున్నమువలె కనిపించినా గుణానికి సిమెంటే. ఈ విషయంలో రంగును చూసి మోసపోరాదు.

బెల్లపు నీరు, కరక్కాయ కషాయం, కోడిగ్రుడ్డు సొన కలిపే పాత పద్ధతులను గూర్చి కూడ ఒక మాట. అవి కట్టుకథలు కావు. బెల్లంలోని చక్కెర నీటిలో సున్నం ఎక్కువగా కరిగేటట్లు చేస్తుంది. కరక్కాయలో ఒగరు పదార్థం ఉన్నది. చేయి తిరిగిన మేస్త్రీ పాళ్ళెరిగి వాడితే మేలే. అయితే మంచి సున్నం, మంచి ఇసుక, తగినంత నూరుడు లేనపుడు ఏ కషాయమూ గారను కాపాడదు. వెనుకటి రోజులలో ఎద్దు తిప్పే గానుగలో రాతి చక్రం క్రింద గంటల తరబడి నూరిన డంగు సున్నం బలమంతా ఆ నూరుడులో ఉన్నది. బెల్లం పాళ్ళు సిమెంటు గారలో మాత్రం పనికిరావు. చక్కెర తగిలితే సిమెంటు బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, ఒక్కొక్కపుడు చెడిపోతుంది.

పాత గార ఏమిటో తెలుసుకొనకుండ కొత్తది నిర్ణయించరాదు. ఇందుకు వానకు దూరంగా ఉన్న, ఇదివరలో మరమ్మతు జరగని చోట నుండి చిన్న ముక్కను తీయాలి. చాకు మొనతో గీస్తే సులభంగా పొడి అయి, తెల్లగానో, సుర్కీ వలన గులాబి ఛాయతోనో ఉంటే సున్నపు గార. నల్లబూడిద రంగుతో, చాకుకు లొంగక, సుత్తి దెబ్బకు కణకణమంటే సిమెంటు. ఆ ముక్కను పొడిచేసి ప్రయోగశాలలోని సజల హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే సున్నం నురగలు కట్టి కరిగి, అడుగున ఇసుక, సుర్కీ మిగులుతాయి. ఆ ఇసుక రంగు, రేణువుల పరిమాణం చూసి దానికి జోడైన ఇసుకను వెదకవచ్చును. అయితే నురగ వచ్చినంత మాత్రాన సున్నపు గార అని తీర్పు చెప్పరాదు. పాతబడిన సిమెంటు గార కూడ కొంత నురగ కడుతుంది. ఇసుకలో గుల్ల ముక్కలున్నా కరిగిపోతాయి. కనుక రంగు, గట్టిదనం, మిగిలిన రేణువులు, ఈ మూడింటినీ కలిపి చూడాలి. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఈ పరీక్షను పై తరగతుల విద్యార్థులే చేయగలరు.

ఇసుక సంగతి చిన్నదిగా కనిపించినా గార మంచిచెడ్డలలో సగం దానిదే. సముద్రపు ఇసుక వాడరాదు. ఎన్నిమార్లు కడిగినా దాని ఉప్పు గోడకు బెడదే. మన్ను కలిసిన ఇసుక కూడ పనికిరాదు. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీరు పోసి బాగా కుదిపి నిలబెడితే ఇసుక పేరిన తర్వాత మన్ను పైన పొరగా తేరుతుంది. ఆ పొర మందంగా ఉంటే ఇసుకను కడగాలి, లేదా మానుకోవాలి. రేణువులు గుండ్రంగా, అన్నీ ఒకే పరిమాణంలో ఉండరాదు. పలుకు తేలి, సన్నవి, ముతకవి కలిసి ఉండాలి. పాళ్ళు తెలుసుకొనడానికి చక్కని ప్రయోగమొకటి కలదు. ఒక గ్లాసు నిండ పొడి ఇసుక పోసి, కొలిచిన నీటిని మెల్లగా, ఇసుక పైకి తేలేదాక పోయాలి. పట్టిన నీరు రేణువుల నడుమ ఖాళీ ఎంతో చెపుతుంది. అది సాధారణంగా మూడవ వంతుకు దగ్గరగా ఉంటుంది. ఆ ఖాళీని నింపడానికి కావలసినంత సున్నం కలపాలి. ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్ళు ఇసుక అన్న తాపీ పనివారి లెక్క ఇక్కడినుండే వచ్చినది. ఇసుక మారితే లెక్క కొద్దిగా మారవచ్చును.

పని చేసే క్రమం ఇది. గారకు చేయి పెట్టకముందు నీరు ఎక్కడి నుండి వస్తున్నదో పట్టుకోవాలి. పగిలిన గొట్టం, మూసుకుపోయిన మిద్దె తూము, గోడ సందున మొలచిన రావి మొక్క, ఇవి ఉండగా ఎంత మంచి గార వేసినా వ్యర్థం. రావి మొక్కను పైన తుంచితే చాలదు. వేరు చచ్చేదాక వదలకూడదు. తర్వాత శిథిలమైన దరజులను మాత్రమే తీయాలి. గట్టిగా ఉన్న పాత గారను తీయనక్కరలేదు. తీయడానికి సన్నని ఉలి, చిన్న సుత్తి వాడాలి. తిరిగే రంపపు యంత్రం నాటు ఇటుకల అంచులను ఒక్క క్షణంలో తినివేస్తుంది. తీసే లోతు దరజు వెడల్పుకు రెండు నుండి రెండున్నర రెట్లుండాలి. 10 మిల్లీమీటర్ల దరజుకు 20 నుండి 25 మిల్లీమీటర్ల లోతన్న మాట. పై పైన గీకి పూస్తే అది మరుసటి వానకే ఊడుతుంది. దుమ్మును కడిగి, ఇటుకను తడిపి, నీరు పైన నిలువకుండ పీల్చుకొన్న తర్వాత గార నింపాలి. లోతైన దరజును ఒక్క దెబ్బలో నింపక, సుమారు 6 మిల్లీమీటర్ల పొరలుగా, ఒక పొర వేలి ముద్ర పడేంత బిగిసిన తర్వాత మరొకటి వేయాలి. గార జారుడుగా కాక, ముద్ద కట్టేంత గట్టిగా ఉండాలి. నీరెక్కువైతే ఎండినపుడు కుంచించుకొని చీలుతుంది. చివర ఇటుక అంచు మీదికి పాకనీయక, కొద్దిగా లోపలికి ఉండేటట్లు అదిమి సరిచేయాలి. పైకి పాకిన పలుచని అంచు త్వరగా విరిగి నీటిని లోపల నిలుపుతుంది.

అక్కడితో పని ముగిసినట్లు కాదు. తడి గోనెలు కట్టి, ఎండ, ఎండగాలి తగలకుండ కనీసం వారం, వీలైతే ఇంకా ఎక్కువ నాళ్ళు గోడను తేమగా ఉంచాలి. చెన్నపట్నంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు కుండపోత వానలు, మే నెలలో నిప్పులు చెరిగే ఎండ. కనుక జనవరి మధ్య నుండి మార్చి వరకు అనుకూలమైన కాలం. ఆ వేళ తప్పితే నీడ కట్టి జాగ్రత్త పడాలి. వాన ముంచుకు వచ్చేముందు హడావుడిగా చేయరాదు. మరొక జాగ్రత్త బడికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. పొడి సున్నం నీటితో మరిగేటపుడు చిమ్మితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చును. సున్నం చల్లార్చే చోటుకు పిల్లలు పోకుండ కంచె వేయాలి. పనివారికి కళ్ళద్దాలు, చేతి తొడుగులు ఇవ్వాలి. చల్లార్చి నిలవ చేసిన ముద్దనే బడికి తెప్పిస్తే ఇంకా మేలు.

ఇదివరలో సిమెంటు వేసిన భాగాల సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. సిమెంటు వదులై ఊడివస్తుంటే తీసివేసి సున్నం నింపవచ్చును. ఇటుకను గట్టిగా కరచిపట్టుకొని ఉంటే మాత్రం బలవంతాన తీయడం వలన మేలు కన్న కీడే ఎక్కువ. దానిని వదలి, చుట్టుపట్ల నీటి బెడదను తగ్గించి, అది తనంతట వదిలేదాక ఓపిక పట్టాలి. అలాగే సిమెంటును పూర్తిగా తప్పుపట్టడం కూడ న్యాయం కాదు. ఈ ఆవరణలోనే తర్వాతి కాలంలో లేచిన కాంక్రీటు తరగతి గదులు ఉన్నాయి. వాటికి సిమెంటే తగినది. యంత్రపు ఇటుకతో, సిమెంటుతో కట్టిన గోడకు సున్నపు పాయింటింగ్ వలన ప్రయోజనం లేదు. ఏ గోడకు ఏ గార అన్నదే ప్రశ్న. ఏది గొప్పదన్నది ప్రశ్న కాదు.

ఖర్చు విషయం దాచిపెట్టవలసినది కాదు. సున్నపు పనికి రోజులు ఎక్కువ పడుతాయి, కూలీ ఎక్కువవుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. తెలిసినవారిలో అనేకులు వయసు మళ్ళినవారు. అయితే ఆ ఖర్చును ఒక్క సంవత్సరపు లెక్కలో చూడరాదు. సిమెంటు మరమ్మతు వలన ఇటుకలు పోయిన గోడను మళ్ళీ కట్టే ఖర్చుతో పోల్చి చూడాలి. చెన్నపట్నంలో సెనేట్ హౌసు వంటి పాత కట్టడాల పునరుద్ధరణలో సున్నపు పని మళ్ళీ జరిగింది. ఆ పనులలో చేయి తిరిగిన వారిని విచారించవచ్చును. 1984లో ఏర్పడిన ఇంటాక్ వంటి సంస్థల నుండి సలహా పొందవచ్చును. వృద్ధ మేస్త్రీ ఒకరిని నియమించి, ఆయన వెంట ఇద్దరు యువకులను పని నేర్చుకొనేందుకు ఉంచితే, గోడతో పాటు విద్య కూడ నిలుస్తుంది. పాఠశాల నిధికి అంతకన్న తగిన వినియోగం వెదకడం కష్టం.

సభ ముందున్న సూచన ఇది. మొత్తం భవనాన్ని ఒకేసారి గుత్తకు ఇవ్వవద్దు. పెరటి వైపు గోడలో ఒక చదరపు మీటరు మేర ఎంచి, పరీక్షించిన పాళ్ళతో సున్నం, ఇసుక, సుర్కీ గార నింపించి, ఒక వానకాలం, ఒక వేసవి గడిచేదాక చూడాలి. గారలో చీలికలు వచ్చినవా, ఇటుక పొడిగా ఉన్నదా, ఉప్పు ఎక్కడ పేరినది అన్న మూడు విషయాలను నెలకొకమారు పుస్తకంలో వ్రాయాలి. ఆ పుస్తకం వ్రాసే బాధ్యతను సామాన్యశాస్త్ర సంఘపు విద్యార్థులకు అప్పగించవచ్చును. ఫలితాన్ని బట్టి మిగిలిన గోడలను వరుసగా చేపట్టాలి. ఆలోగా మిద్దె తూములు శుభ్రపరచడం, గోడలోని మొక్కలను తొలగించడం ఈ నెలలోనే జరగవచ్చును. వాటికి ఏ వాదమూ అడ్డు రాదు. పూర్వ విద్యార్థులలో కట్టడపు ఇంజనీర్లు, గుత్తేదారులు ఉన్నారు. వారు ఈ సూచనను పరిశీలించి, లోపాలుంటే దిద్ది, కార్యవర్గానికి వ్రాతపూర్వకంగా తెలుపవలసినదిగా ప్రార్థన.

అన్య భాషా ప్రాంతంలో డెబ్బయి అయిదేళ్ళు తెలుగు బడి నిలిచినదంటే దానికి కారణం ఒక్కొక్క తరం తన వంతు చేర్పును, ముందువారు కట్టినదానికి పొసగేటట్లు చేర్చడమే. ఆ పాత గోడలకు వేసే గార కూడ అటువంటి చేర్పే కావాలి.